బ్రోకర్ కంటే ముందు అక్కకు

బ్రోకర్ లెక్క చాలా సులువుగా ఉంది. "ఇల్లు పాతది, స్థలానికే ధర. కాగితాలు సరిగ్గా ఉంటే నెలలో రిజిస్ట్రేషన్. మీ అక్కగారి సంతకం ఒక్కటే కావాలి. అదెలాగూ ఫార్మాలిటీయే కదా సార్!" తెనాలిలో నాన్న 1992లో కట్టిన ఇల్లది. ఆయన పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. ఆమెను హైదరాబాద్ తెచ్చుకోవాలని, ఇల్లు అమ్మేయాలని నేనే నిర్ణయించేశాను. అక్కకు చెప్పనే లేదన్న సంగతి బ్రోకర్ గుర్తుచేసేదాకా తట్టలేదు.

పొలిటికల్ సైన్స్‌లో పీజీ చేసినవాణ్ని. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసిందనీ, 2005లో పార్లమెంటు దేశమంతటా ఆ హక్కు కల్పించిందనీ పరీక్షల్లో రాశాను, వార్తల్లోనూ రాశాను. నిజానికి మా ఇంటికి అవేవీ అక్కర్లేదు. నాన్న సొంత సంపాదనతో కట్టారు, వీలునామా రాయలేదు, నాయనమ్మ అప్పటికే లేదు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్యకు, కొడుకుకు, కూతురికి సమాన వాటాలు. అంటే నేను అమ్మకానికి పెట్టిన ఇంట్లో నాది మూడో వంతే.

ఫోన్ చేస్తే అక్క ఒకే మాట అంది. "సంతకం పెడతాను. కానీ నన్ను అడగాల్సింది నువ్వా, ఆ బ్రోకరా?"

పని మళ్లీ మొదలుపెట్టాం, ముగ్గురం కలిసి. ఒరిజినల్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, తాకట్లేమీ లేవని చూపే ఈసీ, నాన్న మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదులు. ఇవన్నీ కొనేవాళ్లు అడగకముందే ఒక ఫైల్లో పెట్టుకుంటే బేరంలో సగం తలనొప్పి తప్పుతుంది.

మొదట వచ్చినాయన సగం సొమ్ము నగదుగా ఇస్తానన్నాడు. అక్క వద్దంది. 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20 వేల రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడం నిషిద్ధం. పట్టుబడితే తీసుకున్నంతా జరిమానాగా కట్టాలి. పైగా నగదుకు వాటాలు ఎవరు లెక్క చెబుతారు? మూడు చెక్కులుగా ఇస్తానన్న రెండో ఆయనకు కాస్త తక్కువకే ఇచ్చాం.

పన్ను సంగతి ఆడిటర్‌ను ముందే అడగాలి. 2001 ఏప్రిల్‌కు ముందునాటి ఇంటికి అప్పటి మార్కెట్ విలువను ఖర్చుగా చూపుకోవచ్చు. 2024 జులై 23కు ముందే దక్కిన ఇల్లయితే లాభం మీద 12.5 శాతమా, ద్రవ్యోల్బణం సర్దుబాటు చేసుకుని 20 శాతమా అన్నది లెక్క వేసి, ఏది తక్కువైతే అదే కట్టవచ్చు. రెండేళ్లలో మరో ఇల్లు కొంటే మినహాయింపూ ఉంది.

సామాను సర్దడం మాత్రం ఏ ఆడిటరూ చెప్పలేడు. అమ్మ ఇత్తడి బిందెలు పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. నాన్న పుస్తకాల్లో సగం లైబ్రరీకి పంపించింది. నేను ప్యాకర్స్ వాళ్లతో బేరమాడుతుంటే పిలిచి, "నా వాటా నా పేరునే బ్యాంకులో వెయ్యరా" అంది. ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. తర్వాత అర్థమైంది. ఇన్నాళ్లూ మేం ఆమె ఇంటికి వెళ్లేవాళ్లం. ఇక ఆమె నా ఇంట్లో ఉండబోతోంది. మందులకో, మనవలకో ఏదైనా కొనాలనుకుంటే నన్ను అడగాల్సిన పరిస్థితి రాకూడదు. ఆ సాయంత్రమే డిపాజిట్ చేయించాం. నామినీగా అక్క పేరు రాయమంది.

రిజిస్ట్రేషన్ రోజున అక్క తన పిల్లలతో సహా వచ్చింది. సంతకం పెట్టి, తాళాలు అప్పగించేముందు పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడి వచ్చింది. ఈ వేసవికి హైదరాబాద్ వస్తానంది. తమ్ముడింటికి రావడం వేరు, పుట్టింటికి రావడం వేరని నాకూ తెలుసు. ఆమె సంతకాన్ని ఫార్మాలిటీ అన్న బ్రోకర్‌ను ఆ రోజు నేను సరిదిద్దలేదు. ఆ మాట కూడా అక్కతో చెప్పాను.