వృద్ధి – వృద్ధుడు



‘వృద్ధి’, ‘వృద్ధుడు’ – ఈ రెండు పదాలకూ ధాతువు ఒక్కటే: ‘వృధ్’, అనగా పెరుగుట. ముప్పైయేళ్ళు పిల్లలకు ఈ వ్యుత్పత్తి చెప్పాను. ఇప్పుడు అది నాకే అన్వయించుకోవలసిన వయసు వచ్చింది. ఇల్లాలు గతించాక ధరూరులో ఒక్కడినే ఉంటున్నాను. “అక్కడ ఏం సుఖం నాన్నా? హైదరాబాదు వచ్చెయ్యి” అంటాడు అబ్బాయి. వాడి ప్రశ్నకు జవాబు వెదకుకోవడమే ఈ టపా.

వృద్ధుల జీవన నాణ్యతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిది 24 ప్రశ్నల కొలమానం ఒకటుంది. అందులో ఆరు విభాగాలు: ఇంద్రియ పాటవం, స్వతంత్రత, గడచిన–గడవనున్న జీవితం పట్ల తృప్తి, నలుగురితో కలయిక, మరణ చింత, ఆత్మీయత. ధనం సంగతి వారి మరో ప్రశ్నావళిలో ఉన్నది గాని, ఈ ఆరింటిలో లేదు.

అయితే స్వతంత్రతకు ధనంతో సంబంధం లేదనలేము. మా పొరుగింటి అవ్వ కొడుకులు పట్నంలో మేస్త్రీ పనికి పోయారు. 2014లో వెయ్యి రూపాయలతో మొదలైన ఆసరా పింఛను 2019లో 2,016 అయింది. “ఇప్పుడు కోడల్ని అడిగే పని లేదు సారూ” అంటుందామె. ఆ మాటలో ఎంత ఆత్మగౌరవం ఉన్నదో!

2017–18 నాటి ‘లాసీ’ సర్వే ప్రకారం దేశంలో అరవై దాటినవారిలో నూటికి సుమారు ఆరుగురు ఒంటరిగా జీవిస్తున్నారు. తల్లిదండ్రుల పోషణకై 2007లో చట్టం వచ్చింది. అది భృతిని ఇప్పించగలదు గాని పలకరింపును ఇప్పించలేదు కదా!

మొన్న వానాకాలంలో రెండు రోజులు జ్వరంతో లేవలేకపోయాను. ప్రొద్దెక్కినా తలుపు తీయలేదని గమనించి, గంజి కాచి తెచ్చింది ఆ అవ్వే. అబ్బాయి భయం నిరాధారమని నేననను. కాని ఇక్కడ నా తలుపు తెరుచుకోకపోతే గమనించేవారున్నారు. అపార్టుమెంటులో ఆ భాగ్యం ఉంటుందో లేదో!

అందుచేత నా నిర్ణయమిది: నా నీళ్ళు నేను తోడుకొని, గద్వాల ఆసుపత్రికి నా అంతట నేను బస్సెక్కగలిగినంత కాలం ఇక్కడే ఉంటాను. అది సాధ్యం కాని నాడు, పంతానికి పోక, వాడి వెంట వెళతాను.

తల్లిదండ్రులను ఊళ్ళో వదలి దూరదేశాల్లో ఉన్న మిత్రులకొక మనవి. ఈసారి ఫోను చేసినప్పుడు “మందులు వేసుకున్నారా?” అన్న తరువాత, “ఇవాళ ఎవరితో మాట్లాడారు?” అని కూడా అడగండి. జవాబు శ్రద్ధగా వినండి.