బీబీసీ మైక్రోతో పాఠాలు

1980లలో పిల్లలు మొదట ఏ కంప్యూటర్ మీద చెయ్యి పెట్టారన్నది వాళ్లు పుట్టిన దేశాన్ని బట్టి ఉండేది. అమెరికా, జర్మనీ ఇళ్లలో కమొడోర్ 64, బ్రిటన్ ఇళ్లలో సింక్లెయిర్ స్పెక్ట్రమ్. మన మధ్యతరగతి ఇంట్లో టీవీ ఉండటమే గొప్ప. బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన బీబీసీ మైక్రో, కేంద్రం 1984లో మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకం కింద మన బడులకొచ్చింది. లెక్కల మాస్టార్ని కాబట్టి దాన్ని నాకప్పగించారు.

చెప్పులు బయట విడిచి గదిలోకి రావాలి. స్విచ్ వేస్తే బీప్ మంటూ లేచేది. బేసిక్ భాష చిప్‌లోనే ఉండేది కాబట్టి మరుక్షణమే ప్రోగ్రామ్ రాయొచ్చు. మెమరీ మొత్తం 32 కేబీ.

లైన్లకు 10, 20, 30 అని నంబర్లు వేయించేవాణ్ణి, మధ్యలో ఏదైనా గుర్తొస్తే 15 అని ఇరికించడానికి. పదమూడో ఎక్కం తెర మీద గబగబా దిగితే పిల్లలు ఊరుకునేవారు కాదు. 13 తీసేసి తమకు తోచిన అంకె పెట్టి చూసేవారు. నేను చెప్పని పాఠం అక్కడే మొదలయ్యేది.

ఎర్రటి ఫంక్షన్ కీల వరుస చివర బ్రేక్ కీ. వేలు దాని మీద పడిందా, ప్రోగ్రామ్ మాయం! పిల్లల మొహాలు పాలిపోయేవి. ‘ఓల్డ్’ అని టైపు చేసి రిటర్న్ నొక్కితే అంతా తిరిగొచ్చేది. కరెంటు పోతే మాత్రం ఏ మంత్రమూ పనిచేయదు. అందుకే ముందు నోట్‌బుక్‌లో రాసుకున్నాకే కీబోర్డు ముట్టనిచ్చేవాణ్ణి. ఆ అలవాటు వాళ్లకు మేలే చేసింది.

మిషన్లు తక్కువ, శిక్షణ పొందిన టీచర్లు ఇంకా తక్కువ. పాడవుతాయన్న భయంతో గదికి తాళం వేసిన బళ్లూ ఉన్నాయి. పిల్లల చేతికివ్వని కంప్యూటర్ ఎందుకు?

ఏకార్న్‌లోనే సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన ఆర్మ్ ప్రాసెసర్ తొలి చిప్‌ను 1985లో బీబీసీ మైక్రోకు తగిలించే పరీక్షించారు. ఇవాళ మన సెల్‌ఫోన్లలో ఉన్నది ఆ వంశమే.

మీ బడి స్టోర్‌రూమ్‌లో బీబీసీ మైక్రో కనిపిస్తే పాత సామానువాడికి వేయకండి. నేరుగా ప్లగ్గులోనూ పెట్టకండి. పవర్ సప్లైలోని పాత ఫిల్టర్ కెపాసిటర్లు పగిలి పొగ రావచ్చు. తెలిసిన మెకానిక్‌తో ముందు వాటిని మార్పించి, ఆ తర్వాతే స్విచ్ వేయండి.