మిగతా ముగ్గురు

పోయినవారం ఆటల కోటా మీద రాశాను. చాలామంది తమ్ముళ్లు ఒకటే మాట అడిగారు: "అన్నా, ఆటలో కులం ఏముంటది? ఆడగలిగినోడు పైకొస్తాడు కదా?"

దానికి జవాబుగా ఒక బాస్కెట్‌బాల్ కుర్రాడి కథ చెప్తాను. చివర్లో నాదీ కొంచెం ఉంది. ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు.

కుర్రాడి పేరు అలెన్ ఐవర్సన్. 1975లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, హాంప్టన్‌లో పుట్టాడు. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషుల్ని 1619లో ఇంగ్లీషువాళ్ల వర్జీనియాలో మొదటిసారి దింపింది ఆ ఊరి ఒడ్డునే. అలెన్ పుట్టేనాటికి వాళ్లమ్మకి 15 ఏళ్లు. బతుకు చాలా కష్టం. కానీ పిల్లాడి కాళ్లలో మెరుపుంది. ఆరడుగుల మనిషి బాస్కెట్‌బాల్‌లో పొట్టివాడి కింద లెక్క. అలాంటివాళ్లు గార్డ్‌గా ఆడతారు. బంతిని ముందుకు తీసుకెళ్తూ జట్టుని నడిపేది గార్డే. బెతెల్ హైస్కూల్లో ఒకే విద్యా సంవత్సరంలో ఫుట్‌బాల్‌లోనూ బాస్కెట్‌బాల్‌లోనూ జట్టుని రాష్ట్ర విజేతగా నిలిపాడు.

ఆ ఏడాదే, 1993 ఫిబ్రవరి 14 రాత్రి, బౌలింగ్ ఆడే చోట తెల్లకుర్రాళ్లకీ నల్లకుర్రాళ్లకీ కొట్లాట జరిగింది. కుర్చీలు ఎగిరాయి. అరెస్టయిన నలుగురూ నల్లవాళ్లే. అలెన్ ఒక స్త్రీని కుర్చీతో కొట్టాడన్నారు. గొడవ మొదలవగానే బయటికెళ్లిపోయానని అతను చెప్పాడు. అప్పటికి వయసు 17. అయినా పెద్దవాళ్లని విచారించినట్టే విచారించారు. 15 ఏళ్ల శిక్ష వేసి, అందులో పదేళ్లు నిలిపేశారు. అంటే ఐదేళ్లు జైలు.

ఏ సెక్షన్ పెట్టారో గమనించండి. మూకగా చేరి గాయపరచడం. నల్లవాళ్లని తెల్లమూకలు కొట్టి చంపుతుంటే, దాన్ని ఆపడానికి వర్జీనియా 1928లో తెచ్చిన చట్టం నుంచి వచ్చిన సెక్షన్ అది. ఎవరిని కాపాడటానికి పుట్టిందో వాళ్ల పిల్లల మెడకే చుట్టారు. అట్రాసిటీ కేసు పెట్టిన మర్నాడే మనవాళ్ల మీద కౌంటర్ కేసు పడటం చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

నాలుగు నెలలు లోపల ఉన్నాడు. 1993 డిసెంబరు ఆఖర్లో గవర్నర్ డగ్లస్ వైల్డర్ షరతులతో విడుదల చేశాడు. అమెరికాలో ఎన్నికల్లో గెలిచి గవర్నరయిన మొదటి నల్లజాతి మనిషి ఆయన. హైస్కూలు పూర్తయ్యేదాకా జట్టు ఆటలు ఆడకూడదన్నది ఒక షరతు. అలెన్ మళ్లీ బెతెల్‌కి వెళ్లలేదు. వేరే చిన్న బడిలో చదువు ముగించాడు. ఆఖరి ఏడు ఆట లేదు. 1995లో అప్పీలు కోర్టు సాక్ష్యం చాలదని శిక్ష కొట్టేసింది.

ఈలోగా వాళ్లమ్మ జార్జ్‌టౌన్ యూనివర్సిటీ కోచ్ జాన్ థాంప్సన్ దగ్గరికెళ్లి, నా కొడుకుని కాపాడమని అడిగింది. ఆమె సరైన గుమ్మమే తొక్కింది. 1984లో అగ్రశ్రేణి కాలేజీల జాతీయ టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి హెడ్ కోచ్ థాంప్సన్. 1989 జనవరిలో, పరీక్ష మార్కులు చాలని ఆటగాళ్లకి స్కాలర్‌షిప్ ఆపేసే నిబంధన వస్తే, మ్యాచ్ మొదలయ్యే ముందు కోర్టు వదిలి వెళ్లిపోయాడు. ఆ పరీక్ష పేదపిల్లల్ని, నల్లపిల్లల్ని వడకట్టేస్తుందన్నది ఆయన వాదన. ఎంట్రన్స్ మార్కే మెరిట్ అని మనకి చెప్పేవాళ్లు వినాల్సిన వాదన.

ఆ యూనివర్సిటీకీ ఒక గతం ఉంది. 1838లో దాన్ని నడిపే జెసూట్ ఫాదర్లు 272 మంది బానిసల్ని అమ్మారు. ఆ డబ్బులో కొంత కాలేజీ అప్పులు తీర్చడానికి పోయింది. ఆ కాలేజీ జెర్సీ వేసుకుని అలెన్ రెండేళ్లు ఆడాడు. 1996లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు అతనిదే.

కథ ఇక్కడ ఆపితే "చూశారా, ఆడగలిగినోడు పైకొచ్చాడు" అంటారు. నేను అడిగేది ఆ కేసులో మిగతా ముగ్గురి గురించి. వాళ్ల పేర్లు కోర్టు కాగితాల్లో ఉన్నాయి. వాళ్ల పేరు మీద బూట్లు అమ్ముడుపోలేదు. మనలో ఎవరికి తెలుసు వాళ్ల పేర్లు?

ఇప్పుడు నా సంగతి. డిగ్రీ రెండో ఏడు. హాస్టల్ మెస్సులో ఒకడు మా కంచాల వైపు చూసి కులం పేరుతో ఒక మాటన్నాడు. రెండువైపులా చేతులు లేచాయి. పేర్లు రాసుకున్నది మాత్రం మావైపు నలుగురివే. నేను కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్ని. పైవారమే పోటీలు. పీడీ సారు లోపలికెళ్లి "వీడు లేకపోతే జట్టు లేదండీ" అన్నాడు. సాయంత్రానికి కాగితం మీద ముగ్గురే మిగిలారు.

అందులో ఒకడు నా రూమ్మేట్. మా పల్లెవాడే. ఆట రాదు, పాట రాదు, మార్కులు అంతంతమాత్రం. మామూలు పిల్లోడు. హాస్టల్ నుంచి పంపేశారు. ఆ ఏడు పరీక్షలు రాయలేదు, తర్వాతా రాయలేదు. తాపీ పనికి పోయాడు. నేను పోటీలకెళ్లి కప్పు తెచ్చాను. ఫొటోలో నవ్వుతూనే ఉన్నాను.

చాన్నాళ్లకి ఊళ్లో కలిస్తే వాడే నా భుజం తట్టి "నువ్వన్నా బయటపడ్డావు కదరా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నన్ను వదిలింది నా తప్పు లేదని కాదు. నాతో వాళ్లకి పనుందని. వాడూ నా అంతే తప్పు చేశాడు, అంటే ఏమీ చేయలేదు. వాడిని ఉంచడానికి వాళ్లకి కారణం దొరకలేదు, అంతే. మనలో మెరిసేవాడిని ఏరుకుని మిగతావాళ్లని పారేయడం దయ కావచ్చు. న్యాయం మాత్రం కాదు. న్యాయమంటే ఏ ప్రత్యేకతా లేని పిల్లోడికి కూడా దక్కాల్సింది.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీ హాస్టల్లో ఎవరి పేరైనా అలాంటి కాగితం మీదికెక్కితే, వాడు టాపరా, ప్లేయరా అని అడక్కండి. కాగితం మీద ఎంతమంది పేర్లున్నాయో చూసి, అందరి కోసం నిలబడండి. ఒకడిని వదిలేస్తామని ఆశ చూపిస్తే, ఆ ఒక్కడూ మీరే అయినా సరే, మిగతావాళ్లని వదిలి బయటికి రాకండి.

నేను వచ్చాను. అందుకే చెప్తున్నాను.

జై భీమ్.