లంబసింగి మంచులో అత్తయ్యతో ఒక రాత్రి

కరెంటు పోతే కిరసనాయిలు దీపం వెలిగించుకునే ఇంట్లో పెరిగినదాన్ని. అలాంటి నేను జనరేటర్‌ని వెంటేసుకుని విహారయాత్రకి బయల్దేరానంటే మా చెల్లెళ్లు ఒకటే నవ్వు! కానీ ఆ జనరేటర్ కొనడం వెనక పెద్ద కథే ఉంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మా విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన రోజు. మా వీధిలో చెట్లూ కరెంటు స్తంభాలూ కలిసే కూలాయి. మాకు కరెంటు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. మా అత్తయ్యకి ఉబ్బసం. ఇంట్లో నెబ్యులైజర్ ఉంది, కరెంటే లేదు! పడిపోయిన చెట్లు దాటించుకుంటూ, అర్ధరాత్రి ఆవిణ్ణి నర్సింగ్‌హోమ్‌కి నడిపించుకెళ్లిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పరిస్థితులు కుదుటపడ్డాక మావారు చేసిన మొదటిపని ఈ చిన్న ఇన్వర్టర్ జనరేటర్ కొనడం.

కుట్టుమిషను పెట్టంత ఉంటుంది. పదమూడు కిలోలు. మామూలు జనరేటర్ వాడకం ఉన్నా లేకపోయినా ఒకటే వేగంతో రొద పెడుతుంది కదా! ఇది అలా కాదు. ఇంజను ఇచ్చిన కరెంటుని ముందు డీసీగా మార్చి, మళ్లీ నిలకడైన 230 వోల్టుల ఏసీగా ఇస్తుంది. అందుకే సున్నితమైన పరికరాలకి భయం లేదు. వాడకం తగ్గితే, పాలు పొంగగానే మనం మంట తగ్గించినట్టు, తనే వేగం తగ్గించుకుంటుంది. చప్పుడూ తక్కువ, పెట్రోలూ ఆదా. అయితే మాది వెయ్యి వాట్లలోపుది. నెబ్యులైజర్, లైట్లు, ఫోన్లు... అంతవరకే. ఇండక్షన్ స్టవ్ పెడదామంటే కుదరదు.

"చచ్చేలోగా ఆ లంబసింగి మంచు చూడాలే అమ్మాయ్" అని అత్తయ్య ఎన్నో ఏళ్లుగా అంటున్నారు. జనరేటర్ ఉందన్న ధైర్యంతో, డాక్టరుగారిని అడిగి, మందులన్నీ సర్దుకుని మొన్న జనవరిలో బయల్దేరాం.

నర్సీపట్నం దాటి డౌనూరు నుంచి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఎండ పల్చబడి చల్లగాలి మొదలైంది. ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. చలికి ఆరుబయట ఉన్నవాళ్లు కర్రలా బిగుసుకుపోతారట! స్ట్రాబెరీ తోటలు చూసి, ఎర్రటి పళ్లు బుట్టెడు కొనుక్కుని, తాజంగి జలాశయం వైపు గుడారాలు అద్దెకిచ్చేచోట దిగాం.

రాత్రి రెండింటికి అత్తయ్యకి ఆయాసం మొదలైంది. గుడారానికి దూరంగా పెట్టిన జనరేటర్‌ని మా అబ్బాయి పరుగున వెళ్లి స్టార్ట్ చేశాడు. పది నిమిషాల్లో ఆవిడ ఊపిరి కుదుటపడింది. "ఇంక పడుకోండర్రా" అన్నారు. హమ్మయ్య అనుకున్నాం.

ఓ అరగంటకి నాకు తల దిమ్మెక్కినట్టయింది. అత్తయ్య కూడా "కడుపులో తిప్పుతోందే" అన్నారు. చలికేమో అనుకున్నాను ముందు. ఎందుకో గుడారం తెర తీసి చూద్దును కదా, జనరేటర్ గుమ్మంలో నడుస్తోంది! మళ్లీ అవసరం పడుతుందేమోనని ఆపకుండా, మంచుకి తడుస్తోందని మావాడే దగ్గరికి జరిపాడట. పాపం, నాయనమ్మ కోసమే చేశాడు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గబగబా అందరం బయటికొచ్చేశాం. మావారు జనరేటర్ ఆపేశారు. దుప్పట్లు కప్పుకుని ఆరుబయట కూర్చున్నాం. తగ్గకపోతే చింతపల్లి ఆసుపత్రికి వెళ్దామని కారు కూడా సిద్ధం చేశాం. కాసేపటికి తల తేలికపడింది. మావాడు మాత్రం తల ఎత్తలేదు. అత్తయ్యే వాణ్ణి దగ్గరికి తీసుకుని, "ఊపిరి పోసిందీ నువ్వే కదరా" అన్నారు. వాడికన్నా నాకే ముందు ఏడుపొచ్చింది.

తెల్లారింది. మావారూ పిల్లలూ చెరువులవేనం కొండెక్కి మేఘాలు చూసొచ్చారు. నేనూ అత్తయ్యా రోడ్డుపక్క టీకొట్టు దగ్గర, పొగ తగలకుండా నెగడుకి ఎడంగా కూర్చున్నాం. ఎదుటి మనిషి కనిపించనంత మంచు. "మీ మావయ్యగారు కూడా ఉంటే బావుండును" అన్నారావిడ, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని.

జనరేటర్ ఉన్నవాళ్లు, కొనాలనుకునేవాళ్లు ఇవి మాత్రం మరవకండి:

* గదిలో, వరండాలో, గుడారం దగ్గర నడపకూడదు. కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగ మనవైపు రాకుండా పెట్టాలి. వైరు పొడుగుది కొనుక్కోండి.
* నడుస్తుండగా పెట్రోలు పొయ్యకూడదు. ఆపి, చల్లారాక పొయ్యాలి.
* దాని వైరుని ఇంటి గోడ ప్లగ్గులో పెట్టకూడదు. కరెంటు వెనక్కి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం మీదికి రావచ్చు.
* చాన్నాళ్లు వాడకపోతే పెట్రోలు తీసేయండి. లేకపోతే కార్బ్యురేటర్‌లో జిగురు కడుతుంది.
* పని అవగానే ఆపేయండి. మా అత్తయ్యకి కావలసింది పది నిమిషాలే!