విడిచి వెళ్లిన చోటికే

స్కాట్లాండు సముద్రతీరాన సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న పట్టణమున్నది. అక్కడి ఓల్డ్ కోర్స్ గోల్ఫ్ మైదానం ఏ ధనవంతుని సొత్తూ కాదు, ఊరందరిది. ఆదివారం సాధారణంగా ఆట ఉండదు. ఊరివారు పిల్లాపాపలతో ఆ పచ్చికపై నడుస్తారు. మిగతా దినములలో ఆటగాళ్లు కర్రతో బంతిని కొడుతూ 18 గుంటలు వరుసగా పూర్తిచేస్తారు. ఎంత తక్కువ దెబ్బలలో ముగిస్తే అంత గొప్ప.

1921లో బాబీ జోన్స్ అనే 19 ఏండ్ల అమెరికా యువకుడు ఇక్కడ ఓపెన్ పోటీలో ఆడాడు. డబ్బుకోసం కాక, ఇష్టంకొద్దీ ఆడేవాడు. 11వ గుంట దగ్గర ఇసుకగోతిలో చిక్కి, విసిగి, ఆటను మధ్యలోనే విడిచిపెట్టాడు. అయితే 1927లో అక్కడికే తిరిగివచ్చి అదే పోటీ గెలిచాడు. 1958లో ఆ పట్టణం అతనికి గౌరవ పౌరసత్వమిచ్చింది.

ప్రియ చదువరీ, గెలుపుకన్న ఆ తిరిగిరావడమే కష్టం. మనం విసిగి విడిచిన పని ఏది?