ఒక్క నవ్వుకు ఒక సీజను కూలి

మా మాదిగవాడకు వచ్చిపోయే పెద్దమనుషులు ఒక మాట అంటుండిరి: "వీళ్లకేం చింత, ఎప్పుడూ నవ్వుకుంటనే ఉంటరు." ఆ మాట ఇన్నప్పుడల్లా నాకు మా చిన్నబాపు యాదికొస్తడు.

మాది బోధన్ పక్క పల్లె. చెరుకు తోటలు, వరి మళ్లు అన్నీ పటేళ్లయి. చేతులు మాత్రం మాయి. నా చిన్నతనంల ఒకనాడు పటేల్ ఒడ్డు మీద నడుసుకుంట కాలు జారి బురదల కూలబడ్డడు. చెరుకు కొడుతున్నోళ్లంతా తలకాయలు దించుకున్నరు. చిన్నబాపు నవ్విండు. అంతే. ఆ సీజనంతా ఆయనను ఎవ్వరూ పనికి పిలువలే. ఒక్క నవ్వుకు ఒక సీజను కూలి! పటేల్ ముంగట పండ్లు కనబడేటట్టు నవ్వుడంటే ఎదిరించినట్టే లెక్క. మా అవ్వ ఇప్పటికీ కొంగు అడ్డం పెట్టుకోనిదే నవ్వదు.

ఆ ఎండకాలమే చిందోళ్లు వచ్చిండ్రు. వాళ్లు మా మాదిగోళ్లనే అడుక్కొని బతికే కళాకారులు. బోధన్ దగ్గరి అమ్దాపూర్ చిందుల ఎల్లమ్మ, 2005ల కాలం చేసింది, ఆమె పేరు పుస్తకాలకెక్కింది. మా ఊర్లె ఆ రాత్రి బుడ్డర్‌ఖాన్ వేషం కట్టినాయన పేరు మాత్రం ఏ పుస్తకంల లేదు. పొట్టకు గుడ్డలు చుట్టుకొని, సగం ఉర్దూ సగం తెలుగు మాట్లాడుకుంట వచ్చి, రాజు ముంగట దబ్బున పడ్డడు. దోతి కుచ్చిళ్లు పట్టుకునుడు, లేసి చుట్టూ చూసుడు, ఎవ్వలూ చూడనట్టు మీసం దువ్వుడు – అన్నీ మా పటేల్‌వే. ఎవరు చెప్పిండ్రో ఏమో. ఊరు ఊరంతా పొట్ట పట్టుకొని నవ్వింది. కుర్చీల కూసున్న పటేల్‌కు గూడ నవ్వక తప్పలే. తెల్లారి చిన్నబాపుకు పనేం దొరకలే గని, ఆయన నవ్విన నవ్వు ఊరందరిదైంది.

మా బాపు శక్కర్‌నగర్‌ల చక్కెర బస్తాలు మోసిన హమాలి. నిజాం షుగర్ ఫ్యాక్టరీల 2002ల 51 శాతం వాటా ప్రైవేటోళ్ల చేతికి పోయింది. 2015 డిసెంబరుల తాళం పడ్డది. రెండేండ్లకు నిజామాబాద్‌ల ఒక దవాఖానల బాపుకు షుగర్ అని తేలింది. డాక్టరమ్మ చిట్టీ రాస్తుంటే బాపు అన్నడు: "ఇన్నేండ్లు మోస్తే భుజం దిగి నోట్లెకు రాలే తల్లీ. ఫ్యాక్టరీ బందైనంక పోను జాగ లేక నా వొంట్ల జొర్రింది."

ఆమె కలం పక్కకు పెట్టి నవ్వింది. అప్పుడు కుర్చీ చూపించి కూసోమన్నది.

మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది. డీఎస్సీ రాసి సారునైన. ఒక బడి స్టాఫ్‌రూంల "కోటా సార్లు వచ్చిండ్రు, ఇగ బడి బాగుపడ్డట్టే" అని ఒకాయన జోకు. అందరు నవ్విండ్రు. నేను నవ్వలే. "జోకేస్తే గూడ సీరియసైతవేంది, నీకు హాస్యం తెల్వదు" అన్నరు. బుడ్డర్‌ఖాన్‌ను చూసి పెరిగినోనికి హాస్యం తెల్వదట! పటేల్ పడ్డప్పుడు నవ్వితే మాకు సీజను కూలి పోయింది. మమ్ముల పడగొట్టి నవ్వినోళ్లకు ఒక్క ఇంక్రిమెంటు గూడ ఆగలే.

మొన్న తరగతిలకు పోంగనే మా వాడసొంటి వాడ నుంచి వచ్చే బిడ్డ ఒకతి బోర్డు దగ్గర నా లెక్క నడుస్తుంది. నన్ను చూసి బిగుసుకపోయింది. మల్లొకసారి చెయ్యమన్న. బుగులు బుగులుగ చేసింది. ఎడమ భుజం జరంత కిందికి వంచి, బస్తా మోసినట్టు. పిల్లలతోని నేను గూడ నవ్విన. నేనెన్నడు బస్తా మోయలే. అది బాపు నడక.