నమలడాన్ని నిద్రనుకున్నాను

ఆస్ట్రేలియా గనుల్లో భారీ ట్రక్కులు నడిపేవాళ్ల కోసం స్మార్ట్‌క్యాప్ అని ఒకటి తయారుచేశారు. టోపీ లోపలి పట్టీలో సెన్సర్లుంటాయి. మెదడు తరంగాలను బట్టి డ్రైవర్‌కు కునుకు పట్టబోతోందేమో చెబుతుంది. కోదాడలో ఇంజినీరింగ్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతున్న రోజుల్లో దాని గురించి చదివాను. మా ఊరి మీదుగా పోయే 65వ నంబరు హైవే మీద తెల్లవారుజాము యాక్సిడెంట్ల కబుర్లు వింటూ బతికినవాణ్ణి. అలాంటిది మనమే తక్కువ ఖర్చులో చేద్దామని ఫైనలియర్ పిల్లలను ఉసిగొల్పాను.

వెండిపూత ఉన్న నైలాన్ దారం తెప్పించి, నుదుటికీ కణతలకూ తగిలేచోట మామూలు టోపీ లోపల కుట్టమని సూర్యాపేటలో తెలిసిన టైలర్‌కిచ్చాం. ఆయన మిషన్ ఆపి, "సార్, ఇది ఉతికితే ఉంటదా?" అన్నాడు. "ముందు పనిచెయ్యనీ అన్నా" అని నవ్వేశాను. రోజూ నెత్తిన పెట్టుకునే బట్ట గురించి మొదట అడగాల్సింది అదే. చెమటకూ సబ్బుకూ ఆ పూత పాడైపోతుంది.

తల మీద దొరికే మెదడు విద్యుత్తు 10 నుంచి 100 మైక్రోవోల్టులు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్‌లో 15 లక్షల మైక్రోవోల్టులుంటాయి. హాన్స్ బెర్గర్ అనే జర్మన్ డాక్టర్ 1924లో తొలిసారి మనిషి తల నుంచి ఈ తరంగాలను పట్టాడు గానీ 1929 దాకా ప్రకటించలేదు. తనకు దొరికింది నిజంగా మెదడుదేనా, ఇంకెక్కడిదైనా కావచ్చా అన్న అనుమానం ఆయన్ను వదల్లేదు. నాకా ఓపిక లేదు. ఆస్పత్రిలో అయితే తల శుభ్రంగా తుడిచి, జెల్ రాసి, కదలకుండా పడుకోబెడతారు. మేమేమో నూనె రాసుకున్న జుట్టు మీద టోపీ పెట్టి, గతుకుల రోడ్డు మీదికి పంపాం.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఓనర్ తన లారీల్లో పరీక్షించుకోమన్నాడు. నిద్ర పడితే ఆయన ఫోన్‌కు మెసేజ్ పోయే ఏర్పాటు నా బుర్రలో పుట్టిందే. హుజూర్‌నగర్ దాటి కోదాడ వచ్చేలోపు ఒక డ్రైవర్ గ్రాఫ్ ఎర్రబడింది. అడిగితే, "నిద్రెక్కడిది సార్, వక్క నములుతున్న" అన్నాడు. "నువ్వు అబద్ధం చెప్పొచ్చు, మెదడు చెప్పదు" అన్నాను. పదిమంది ముందు అన్నాను. ఓనర్ అతనికి రాత్రి ట్రిప్పులు ఆపేశాడు. రాత్రి బత్తా పోయింది.

తర్వాత ల్యాబ్‌లో ఒక కుర్రాడు టోపీ తీయకుండానే పల్లీలు తింటుంటే అదే ఎరుపు వచ్చింది. కణత మీద వేలు పెట్టి ఏదైనా నమలండి, కండ కదలడం తెలుస్తుంది. దవడ కండరం అక్కడిదాకా పాకి ఉంటుంది. మనం నమిలేది సెకనుకు ఒకటి రెండు సార్లు. ఆ ఊపుకు దారం చర్మం మీద జరిగి, గ్రాఫ్‌లో నిదానమైన అలలు పుడతాయి. నిద్రలోకి జారేటప్పుడూ మెదడు అలలు నిదానిస్తాయి. మా ప్రోగ్రామ్ నిదానంగా ఉన్న ప్రతిదాన్నీ నిద్ర కింద రాసేసింది.

మిల్లుకు పోయి సంగతి చెప్పాను. "మీ మిషనే చెప్పింది కదా సార్" అన్నాడు ఓనర్. డ్రైవర్ అప్పటికే వేరే మిల్లుకు మారాడట.

ఇప్పుడు పిల్లలు ఇలాంటి ప్రాజెక్టు తెస్తే తల వెనక కూడా ఒక సెన్సర్ పెట్టించి కళ్లు మూసుకోమంటాను. మూస్తే సెకనుకు పది చొప్పున అలలు లేవాలి, తెరిస్తే తగ్గాలి. తర్వాత పల్లీలు తినమంటాను. ఆ రెండూ దాటని టోపీ ఎవరి నెత్తికీ ఎక్కదు. దాటినా సరే, బీప్ డ్రైవర్ చెవి దగ్గరే మోగాలి, ఓనర్ ఫోన్‌కు ఏదీ పోకూడదు. అలాగైతే డబ్బులు పెట్టి కొనేదెవరు సార్ అని మొన్న ఒకమ్మాయి అడిగింది. లారీలూ డబ్బులూ ఓనర్లవే కాబట్టి ఆ అమ్మాయి అడిగినదాంట్లో తప్పేమీ లేదు.